లెక్క దాచరాదు, మనిషిని విడువరాదు

(సహకార పాఠము: సభ్యులును పాలకవర్గమువారును కూడి చదువదగినది)

సహకార సంఘము నలుగురి ధనముతో, నలుగురి మేలుకొరకు నడుచునది. వాటాధనము సభ్యునిది, డిపాజిట్టు సభ్యునిది, నష్టము వచ్చినచో మోయువాడును సభ్యుడే. అయినను అనేక గ్రామములలో సభ్యు నొకనిని నిలిపి, సంఘమునకు పోయిన యేడు లాభమెంత, గోదాములో సరకెంత, నీ పేర వ్రాసియున్న బాకీ యెంత అని యడిగినచో తెలియదనును. అతని యింటి యిల్లాలి నడిగినచో సంఘపు గుమ్మమే యెరుగననును. ఆ పొలమును నిజముగా దున్నుచున్న కౌలుదారు నడిగినచో తనకు సభ్యత్వమే లేదనును.

ఇవి మూడు వేర్వేరు లోపములుగా కనబడుచున్నవి గాని వీని మూల మొక్కటియే. సంఘపు లెక్క కొద్దిమందికి మాత్రమే తెలిసియుండుటచేత తక్కినవారు ఆ కొద్దిమంది దయపై ఆధారపడవలసి వచ్చుచున్నది. లెక్క తెలియనివాడు ప్రశ్నింపజాలడు. ప్రశ్నింపజాలనివానికి ధనము పోయినను, మర్యాద పోయినను, విచారించు వారుండరు. కావున ఈ పాఠమున లెక్కను బహిరంగ పరచుట, అందరిని సంఘమున కలుపుకొనుట, బలహీనులకు రక్షణ కల్పించుట అను మూడు ధర్మములను ఒకచోట చేర్చి విచారింతము.

1. ఆడిటు చాలదా?

ఇంగ్లండు దేశమున రాచ్‌డేలు పట్టణములో 1844వ సంవత్సరమున సహకార దుకాణమును స్థాపించిన కార్మికులు మూడు మాసముల కొకసారి సభ జరిపి, లెక్కలను సభ్యుల ముందుంచవలెనని తమ నిబంధనలలో వ్రాసికొనిరి. మన దేశమున 1904వ సంవత్సరపు సహకార పరపతి సంఘముల చట్టము సంఘముల లెక్కలను ఏటేట ఆడిటు చేయించు బాధ్యతను రిజిస్ట్రారుపై నుంచెను. 1912వ సంవత్సరపు చట్టమును, తరువాత 1964వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ సహకార సంఘముల చట్టమును ఆ మార్గమునే అనుసరించినవి. ఆడిటు లేని సంఘము కళ్లెము లేని గుఱ్ఱము వంటిదనుటలో సందేహము లేదు.

అయితే ఆడిటరు చూచునది కాగితము. ఓచరు, నగదు పుస్తకము, ఆవర్జా, ఈ మూడును ఒకదానితో నొకటి సరిపోవునా అని ఆయన పరిశీలించును. ఒక సభ్యుని పేర అప్పు పత్రము వ్రాసి, క్రింద ఒక వ్రేలిముద్ర వేయించి, నగదు పుస్తకమున ఖర్చు చూపినచో కాగితములన్నియు చక్కగా సరిపోవును. ఆ సభ్యుడు ఆ సొమ్మును చేత ముట్టెనా లేదా అను సంగతిని ఏ పుస్తకమును చెప్పదు. సభ్యునే అడిగి తెలిసికొనవలెను. ప్రతి గడపకు పోయి అడుగుటకు ఆడిటరునకు వ్యవధి యుండదు.

రిజర్వు బ్యాంకు నియమించిన అఖిల భారత గ్రామీణ పరపతి విచారణ సంఘము 1951–52 సంవత్సరపు స్థితిని పరిశీలించి 1954లో నివేదిక ప్రకటించెను. సేద్యగాండ్రు చేసిన అప్పులలో సహకార సంఘముల ద్వారా లభించినది 3.1 శాతము మాత్రమేయని అందు తేలినది. చట్టము వచ్చి అర్ధశతాబ్దము గడచినను ఫలమింత స్వల్పముగా నుండుటకు గల కారణములలో, ఊరిలో బలముగలవారు సంఘములను తమ చేతులలో నుంచుకొనుట యొకటియని ఆ సంఘము గుర్తించెను. ఆడిటు ప్రతియేడును జరుగుచునే యుండెను. లోపించినది సభ్యుల కన్ను, సభ్యుల చెవి.

2. రాజస్థానమున మొదలైన పద్ధతి

ఈ లోపమును తీర్చు ఉపాయ మొకటి సహకారరంగమునకు వెలుపల, రాజస్థానములోని నిరుపేద కూలీలవలన లభించినది. అచ్చటి రాజసమంద్ జిల్లాలో 1990 మే 1వ తేదీన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అను సంస్థ ఏర్పడెను. అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ గారలు దాని వ్యవస్థాపకులలో ముఖ్యులు. కరువుపనులకు పోయిన కూలీలకు కనీసపు కూలి ముట్టకుండెడిది. మీరు చేసిన పని అంతమాత్రమేయని అధికారులనిరి. అట్లయిన మస్టరు చూపుడని కూలీలడుగగా, అది ప్రభుత్వ రహస్యమని జవాబు వచ్చెను.

1994 డిసెంబరు 2వ తేదీన పాలీ జిల్లాలోని కోట్‌కిరానా గ్రామమున ఆ సంస్థవారు పనులకు సంబంధించిన కాగితములను సంపాదించి ఊరి జనులయెదుట బిగ్గరగా చదివిరి. మస్టరున పేరున్న మనిషి లేచి, నేనా పనికే పోలేదని చెప్పుట తటస్థించెను. పూర్తియైనదని వ్రాసిన పని పూర్తికాలేదని దానిని దినదినము చూచువారే చెప్పిరి. చదువను వ్రాయను రానివారు సయితము వినిన లెక్కను తాము కన్నదానితో పోల్చి తప్పు పట్టగలిగిరి. ఇట్టి సభలకు జన్ సున్‌వాయి యని పేరు. ఆ ఉద్యమము పెరిగి, 1996లో బ్యావర్ పట్టణమున నలువది దినముల ధర్నా జరిగి, కాలక్రమమున 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టమునకు ముఖ్య ప్రేరణలలో నొకటి యయ్యెను.

ఇందు మనము నేర్వవలసిన దేమన, లెక్కను చదువగలవారి చేతికిచ్చిన మాత్రమున అది బహిరంగ మైనట్లు గాదు. నోటీసు పలకపై అంటించిన ఆస్తి అప్పుల పట్టికను ఊరిలో పదిమంది చదువగలరేమో. అదే పట్టికను పేరు పేరున పైకి చదివినచో అందరును విని తప్పొప్పులు చెప్పగలరు.

3. ఆంధ్రదేశమున జరిగిన పరీక్ష

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకమును 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ గారు ప్రారంభించిరి. ఆ చట్టములోని 17వ విభాగము పనుల తనిఖీ భారమును గ్రామసభపై నుంచినది. ఆ సంవత్సరముననే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సామాజిక తనిఖీలను ప్రారంభించి, 2009లో వానికొరకు ప్రత్యేకమైన సొసైటీని స్థాపించెను.

దాని విధానము ఇట్టిది. కూలీల కుటుంబములలోని చదువుకొనిన యువతీయువకులను ఎన్నుకొని శిక్షణ యిచ్చిరి. వారిని సొంత గ్రామమునకుగాక పొరుగు గ్రామములకు పంపిరి. వారు మస్టరు ప్రతులతో ఇంటింటికిని పోయి, ఎన్ని దినములు పని చేసితిరి, ఎంత ముట్టినదని యడిగి వ్రాసికొని, పనిస్థలమును స్వయముగా కొలిచి చూచిరి. తరువాత గ్రామసభలో చదివి, ఆ పిమ్మట మండలస్థాయి ప్రజావేదికలో అధికారుల సమక్షమున తిరిగి చదివిరి. సొమ్ము తినిన కొందరు అచ్చటనే తిరిగి చెల్లించుటయు జరిగెను.

అయినను ఈ పరీక్ష మరియొక సత్యమును గూడ వెల్లడించినది. తరువాతి పరిశోధకులు లెక్కలను పరిశీలింపగా, తప్పులు బయటపడుచుండినను సొమ్ము వసూలు చేయుట, శిక్షించుట మందముగా నుండుటచేత అక్రమములు తగ్గకపోగా, సులభముగా పట్టుబడు కూలి మస్టరులనుండి పట్టుబడని సామగ్రి ఖర్చులలోనికి ప్రాకినవని తేలినది. సభలో నిలిపి చదువుట సగము పని. చదివినదానిపై ఏమి చర్య జరిగెనని మరల సభకు వచ్చి చెప్పుట రెండవ సగము.

4. మన సంఘమున చేయదగిన విధము

పై పద్ధతిని పరపతి సంఘమునకు అన్వయించి చూతము. ఇది తెలియుటకు కల్పించిన లెక్క యని చదువరులు గ్రహింతురు గాక. ఒక సంఘమున మార్చి 31వ తేదీకి ఆవర్జా ప్రకారము 300 మంది సభ్యులు రూ. 1,20,00,000 బాకీ యున్నారు. మహాజన సభకు ముందు ప్రతి సభ్యునికిని, నీ పేర ఇంత బాకీ యున్నది, సరియేనా యని చీటీ పంపి సంతకము గైకొనిరి.

సరియని యొప్పుకొనినవారు 280 మంది. వారి బాకీ రూ. 1,09,00,000.

మేమెన్నడును అప్పు తీసికొనలేదనినవారు 8 మంది; వారి పేరనున్నది రూ. 4,40,000.

తీర్చివేసితిమని రసీదులు చూపినవారు 5 గురు. వారి పేరనున్నది రూ. 2,75,000.

మరణించినవారు, ఊరు విడిచినవారు 7 గురు. వారి పేరనున్నది రూ. 3,85,000.

వార్షిక నివేదికలో ఈ మొత్తమంతయు సంఘమునకు రావలసిన ఆస్తిగా ఒకే పంక్తిలో కనబడును. చీటీలు పంపిన పిమ్మట రెండవ, మూడవ తరగతుల రూ. 7,15,000 అనుమానాస్పదమని తెలిసినది. సంఘపు రిజర్వు నిధి రూ. 6,00,000 మాత్రమే యయినచో, ఆ సొమ్ము వసూలుకాని యెడల నిధి యంతయు హరించి, ఇంకను రూ. 1,15,000 సభ్యుల వాటాధనమునకు తగులును. ఇంతటి సంగతి ఒక చీటీవలన బయటపడుచున్నది. ఆ చీటీని పంపుటకు వెనుదీయు కార్యదర్శిని, ఎందుకు వెనుదీయుచున్నావని సభ్యులడుగుట న్యాయము.

ఎరువుల గోదాము విషయమును ఇట్లే చూడవలెను. నిలువ పుస్తకమున యూరియా 500 బస్తాలున్నట్లుండి, లెక్కింపగా 462 బస్తాలే యున్నచో, తక్కువపడిన 38 బస్తాల సంగతి ఆనాడే మినిట్సు పుస్తకమున ఎక్కవలెను. సరకు చాలని దినములలో ఎవరికెన్ని బస్తాలు ఇచ్చిరో ఆ పట్టికను సాయంకాలము సంఘపు అరుగుమీద చదివినచో, రాత్రివేళ బండ్లకెత్తు అలవాటు దానంతట నదియే తగ్గును.

పాటింపవలసిన నియమములు నాలుగు గలవు. మొదటిది, చీటీలను పంచువారును, లెక్కను చదువువారును పాలకవర్గమునకుగాని సిబ్బందికిగాని బంధువులు కారాదు. పొరుగు సంఘపు సభ్యులైనచో మరియు మేలు. రెండవది, లెక్క చదువుటకు వారము దినముల ముందే ఆ కాగితములు సంఘ కార్యాలయమున సభ్యులకు చూచుటకు లభింపవలెను. మూడవది, సభలో వచ్చిన ప్రతి ఆక్షేపణయు, దానిని సరిచేయవలసినవారి పేరును, గడువు తేదీయు మినిట్సులో వ్రాయవలెను. నాల్గవది, తరువాతి సభ మొదటి అంశముగా ఆ జాబితానే చదువవలెను. ఆంధ్రదేశపు తనిఖీలు నేర్పిన పాఠము ఈ నాల్గవ నియమమునందున్నది.

5. సభలో లేనివారెవరు?

సభలో కూర్చుండినవారిని లెక్కించుట సులభము. రానివారిని లెక్కించుట అవసరము. సంఘములో సభ్యత్వము సాధారణముగా భూమి పట్టాను అనుసరించి యుండుటచేత, పట్టాలేని కౌలుదారు బయట నిలిచిపోవుచున్నాడు. పంటనష్టము అతనిది, పంట అప్పు భూస్వామిది. ఈ అన్యాయమును తీర్చుటకు ఆంధ్రప్రదేశ్‌లో 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టమును, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టమును చేసిరి. 4 మొదలు 10 మంది వరకు కౌలుదారులు ఒకరికొకరు జామీనుగా కూడి ఉమ్మడి బాధ్యతా బృందముగా ఏర్పడి అప్పు పొందు మార్గమును గలదు. అయితే ఇట్టి వెసులుబాటున్నదని కౌలుదారునకు చెప్పువారు లేనిచో చట్టము కాగితముననే నిలిచిపోవును. తన పరిధిలో ఎవరు పట్టాదారులో, ఎవరు సాగుదారులో వేరువేరుగా జాబితా వ్రాయించుట పాలకవర్గము మొదట చేయవలసిన పని.

స్త్రీల విషయమును అట్టిదే. ఆంధ్రప్రదేశ్‌లో 1985వ సంవత్సరపు సవరణవలనను, దేశమంతటను 2005వ సంవత్సరపు సవరణవలనను హిందూ కుటుంబముల కుమార్తెలకు పిత్రార్జితమున సమానహక్కు గలిగెను. నాట్లు వేయుట, కలుపు తీయుట, పశువుల పాలుపితుకుట వారివలననే జరుగుచున్నను, పట్టా పురుషుని పేర నుండుటచేత సంఘమున వారి పేరు లేదు. భార్యాభర్తల నిద్దరిని సభ్యులుగా చేర్చుకొనుటకు ఉపనిబంధనలలో వీలున్నదా యని చూచి, లేనిచో సవరించుకొనవలెను.

ఒక మనిషికి ఒకటే వోటు, వాటాలెన్ని యున్నను అంతే, అనునది సహకార ధర్మము. ఆ ధర్మము నిలువవలెనన్న సభ జరుగు తావును వేళయు అందరికి అనువుగా నుండవలెను. పెద్దరైతు లోగిలిలో సభ జరిగినచో దళితవాడ సభ్యుడు వాకిట నిలిచిపోవును. ఉదయము పది గంటలకు జరిగినచో కూలికి పోవువారు రాజాలరు. సభకు ముందు టముకు వేయించునప్పుడు వాడవాడకును వేయించిరా యని విచారింపవలెను. అందరి పక్షమున నేనే మాటాడుదునని యొకరు లేచినప్పుడు, ఆ యందరిని మాటాడనిండని అధ్యక్షుడు చెప్పవలెను.

6. మనిషి రక్షణ

ఇంతవరకు లెక్కను దాచరాదంటిమి. ఇపుడు దాచవలసిన దొకటి గలదని చెప్పవలెను. సంఘపు ధనము అందరిది గనుక అందరికి తెలియవలెను. బాధితుని మానము అతనిది గనుక దానిని వీధికెక్కించుటకు సంఘమునకు హక్కు లేదు. సరిగా నడువని సంఘములలో ఇది తలక్రిందుగా జరుగుచుండును: లెక్క పెట్టెలో తాళము క్రింద నుండును, ఫిర్యాదు చేసిన స్త్రీ పేరు మాత్రము రచ్చబండపై తిరుగుచుండును.

రాజస్థానములో 1992వ సంవత్సరమున ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమమున పనిచేయుచుండిన ఒక గ్రామ కార్యకర్త్రి బాల్యవివాహమును ఆపజూచినందుకు ఘోరమైన దౌర్జన్యమునకు గురియయ్యెను. ఊరి మేలుకొరకు ఆమెను పంపినవారు ఆమె రక్షణకు తగిన యేర్పాటు చేసియుండలేదు. ఆ సంఘటన కారణముగా దాఖలైన విశాఖ వ్యాజ్యమున సుప్రీముకోర్టు 1997లో పనిచోట స్త్రీల రక్షణకు మార్గసూత్రముల నిచ్చెను. తరువాత 2013లో చట్టమే వచ్చెను. పదిమందిగాని అంతకు మించిగాని పనిచేయు చోట అంతర్గత ఫిర్యాదుల కమిటీ యుండవలెను. అంతకన్న తక్కువమంది యున్నచోట జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చును. సంఘటన జరిగిన మూడు మాసములలోగా ఫిర్యాదు చేయవలెను. తగిన కారణమున్నచో మరి మూడు మాసముల గడువు లభించును. ఫిర్యాదు చేసినవారి పేరు మున్నగు వివరములను ప్రకటించుట ఆ చట్టము నిషేధించినది. సహకార సంఘములును దాని పరిధిలోనివే. పాలసేకరణ కేంద్రమున, గోదామున, కార్యాలయమున పనిచేయు స్త్రీలకు ఈ సంగతి తెలియునట్లు గోడపై వ్రాయించుట సంఘపు విధి. ఊరిలోని సంఘములలో పదిమంది సిబ్బంది యుండుట అరుదు గనుక, జిల్లా కమిటీ చిరునామాను వ్రాయించుట మరవరాదు.

బకాయిదారుని విషయమునను ఈ వివేకమే కావలెను. 2010లో ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ కంపెనీల వసూలుదార్లు బాకీపడిన స్త్రీల యిండ్ల ముందు కూర్చుండి, తోటి స్త్రీలచేత తిట్టించి, నలుగురిలో అవమానపరచిరను ఫిర్యాదులును, ఆత్మహత్యల వార్తలును వచ్చుటచేత ఆ అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు జారీచేయవలసి వచ్చెను. అప్పు వసూలు చేయుటకు చట్టమున మార్గములున్నవి. టముకు వేసి పరువు తీయుట వానిలోనిది గాదు. సంఘపు సొమ్ము ఎవరికి ఎంత యిచ్చిరో తెలిసికొనుట సభ్యుల హక్కు. పంట పోయి వాయిదా తప్పిన రైతును నిలువున తీయుట ఎవరి హక్కును గాదు.

లెక్కను ప్రశ్నించిన సభ్యునికి గూడ రక్షణ కావలెను. ప్రశ్న వేసినవానికి మరునాడు ఎరువు బస్తా దొరకనిచో, రెండవ ప్రశ్న ఎవరును వేయరు. అందుచేత ఆక్షేపణ తెలిపినవారికి రాబోవు పంటకాలమున అప్పుగాని సరకుగాని నిరాకరించినచో, దాని కారణమును పాలకవర్గము వ్రాతమూలకముగా సభకు తెలుపవలెనని తీర్మానించుకొనుట మంచిది.

7. సభ్యుని హక్కు ఎచ్చట నున్నది?

సమాచార హక్కు చట్టము క్రింద సంఘమునే నేరుగా అడుగవచ్చునని పలువురు తలచుచున్నారు. తలప్పళం సేవా సహకార బ్యాంకు వ్యాజ్యమున 2013 అక్టోబరులో సుప్రీముకోర్టు, ప్రభుత్వ ధనముతో గణనీయముగా నడుపబడుచున్నట్లుగాని ప్రభుత్వ అధీనమున నున్నట్లుగాని రుజువుకాని సహకార సంఘము ఆ చట్టము క్రింద ప్రభుత్వ అధికార సంస్థ కాదని తీర్పు చెప్పెను. రిజిస్ట్రారు మాత్రము అట్టి అధికారియే గనుక, చట్టప్రకారము ఆయన తెప్పించుకొనగల సమాచారమును ఆయన ద్వారా కోరవచ్చును. సంఘములోని సభ్యుని హక్కు సహకార చట్టమునందును సంఘపు ఉపనిబంధనలయందును ఉన్నది. 1964వ సంవత్సరపు చట్టమున 51వ విభాగము విచారణను, 60వ విభాగము సంఘమునకు నష్టము కలిగించినవారినుండి సొమ్ము రాబట్టుటను గూర్చి చెప్పుచున్నవి. తన సంఘపు ఉపనిబంధనల ప్రతిని చూడని సభ్యుడు తన ఆయుధమెచ్చట నున్నదో ఎరుగని కాపరి వంటివాడు.

పాలకవర్గమువారు దీనిని తమపై అనుమానముగా తలపరాదు. నిజాయితీగల కార్యదర్శికి బహిరంగముగా చదివిన లెక్కయే గట్టి కవచము. పదవి దిగిన పదేండ్లకు నింద వచ్చినను, సభలో చదివి ఒప్పుకొనిన మినిట్సు అతని పక్షమున సాక్ష్యమిచ్చును. రాబోవు మహాజన సభకు ముందే బాకీ చీటీలు పంపుటతో ఈ పని మొదలుపెట్టవచ్చును. దానికి కావలసినది కాగితము, సిరా, నాలుగు దినముల తిరుగుడు మాత్రమే.

చర్చకు ప్రశ్నలు

1. మీ సంఘమున గత మహాజన సభకు ఎందరు సభ్యులు వచ్చిరి? వారిలో స్త్రీలెందరు, కౌలుదారులెందరు?

2. ఆడిటు నివేదికలోని ఆక్షేపణలను సభలో చదివిరా? వానిలో ఎన్ని సరిచేయబడినవి?

3. మీ పేర ఆవర్జాలో నున్న బాకీయు మీ పాసుపుస్తకములోని బాకీయు ఒకటేనా? ఎప్పుడు సరిచూచితిరి?

4. మీ సంఘమున పనిచేయు స్త్రీకి అవమానము జరిగినచో ఎవరికి ఫిర్యాదు చేయవలెనో ఆమెకు తెలియునా?

5. సంఘపు లెక్కలలో బహిరంగముగా చదువదగినవేవి, సభ్యునికి మాత్రమే తెలుపదగినవేవి? రెండు పట్టికలుగా వ్రాసి, రాబోవు సభలో చర్చింపుడు.